నయాగరా నుంచి తిరిగొస్తూ సెనెకా ఫాల్స్ చూడాలంటే

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే న్యూజెర్సీలో ఉండే మనమంతా నయాగరాకి బయల్దేరతాం. ఈసారి తిరుగు ప్రయాణానికి ఇంకో రోజు కలుపుకుని, అమెరికాలో ఆడవాళ్ళు ఓటు హక్కు కోసం పోరాడిన ఊళ్ళు చూసి రండి. మా అత్తయ్యతో నేను వెళ్ళిన దారి చెబుతాను.

పొద్దున్నే బయల్దేరితే గంటన్నరలోపు రోచెస్టర్. ఆ పోరాటానికి నాయకురాలైన సూసన్ బి. ఆంథొనీ సమాధి అక్కడి మౌంట్ హోప్ శ్మశానంలో ఉంది. ఈ సంగతి పెద్దవాళ్ళకి ముందురోజే చెప్పండి. నేను గేటు దగ్గర చెప్పాను. "శుక్రవారం పూట సమాధులేమిటమ్మా?" అని అత్తయ్య కారు దిగలేదు. ఎన్నికల రోజు ఆడవాళ్ళు ఇక్కడికొచ్చి 'ఓటు వేశాను' స్టిక్కర్లు అంటించి వెళ్తారని, 2016లో వేలమంది క్యూ కట్టారని చెప్పాక దిగింది.

తర్వాత మాడిసన్ స్ట్రీట్‌లో ఆంథొనీ ఇల్లు. టూర్ ఏయే రోజుల్లో ఉందో ముందే చూసుకోండి. మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులుంటే నిదానంగా. ఆడవాళ్ళకి ఓటు లేని రోజుల్లో, 1872లో ఓటేసినందుకు ఆవిడని అరెస్టు చేసింది ఈ ఇంటి ముందుగదిలోనే. ఆవిడతోపాటు ఇంకో 14 మంది ఆడవాళ్ళూ ఓటేశారు.

అక్కణ్ణుంచి కనండైగ్వా మీదుగా వెళ్ళండి. ఆంథొనీ కేసు విచారణ 1873లో ఆ ఊరి కోర్టులోనే జరిగింది. జూరీని ఆలోచించుకోనివ్వకుండా జడ్జిగారే దోషి అని తేల్చేసి 100 డాలర్లు జరిమానా వేశారు. "కట్టిందా?" అంది అత్తయ్య. చచ్చేదాకా కట్టలేదు. ఆ రోజంతా అత్తయ్య మాటిమాటికీ ఇదే తలచుకుని నవ్వింది.

చివరికి సెనెకా ఫాల్స్. పేరు చూసి మళ్ళీ జలపాతం అనుకుంటారేమో, లేదని ముందే చెప్పండి. ఇక్కడి మహిళా హక్కుల నేషనల్ పార్కుకి టికెట్ లేదు. అందులోని చాపెల్‌లో (చిన్న చర్చిలో) బెంచీ మీద కాసేపు కూర్చోబెట్టి కథ అక్కడే చెప్పండి. 1848 జులైలో ఇక్కడ జరిగిన మహిళా హక్కుల సభకి సుమారు 300 మంది వచ్చారు. సభ పెట్టినవాళ్ళలో ఒకరైన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఓటు హక్కు కావాలంటే, సొంత స్నేహితురాలు లుక్రీషియా మాట్ కూడా నలుగురూ నవ్వుతారని భయపడింది. బానిసత్వం నుంచి తప్పించుకుని నాయకుడైన నల్లజాతీయుడు ఫ్రెడరిక్ డగ్లస్ లేచి గట్టిగా మాట్లాడాకే ఆ తీర్మానం నెగ్గింది.

1920లో రాజ్యాంగ సవరణతో అమెరికా ఆడవాళ్ళందరికీ ఓటు వచ్చేసిందని మాత్రం చెప్పకండి. దక్షిణాదిలో చాలామంది నల్లజాతి ఆడవాళ్ళు 1965 దాకా ఆగాల్సి వచ్చింది.

"ఆ సభలో హక్కుల ప్రకటన మీద సంతకాలు పెట్టిన ఆడవాళ్ళలో 1920లో ఎంతమంది ఓటేశారు?" అని అడిగింది అత్తయ్య. 1920 నాటికి బతికున్నది షార్లెట్ వుడ్‌వర్డ్ ఒక్కతే. పోలింగ్ రోజున ఆవిడకి ఒంట్లో బాగాలేక వెళ్ళలేకపోయింది.

నాలుగుకల్లా బయల్దేరండి, ఇంటికి ఐదు గంటల ప్రయాణం. పులిహోర కొంచెం మిగుల్చుకుంటే దారిలో పనికొస్తుంది.