పేర్లు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ముక్క రాలిన పేరు

గత పాఠంలో మన ఊళ్ల పేర్ల చివర ఉండే పాడు, పల్లి, కుంట, పాలెం పట్టుకుని లోపలికి వెళ్లాం. ఈసారి చేతులు మారి, భాషలు మారి వచ్చిన పేరు. అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని డోర్ కౌంటీ. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా. షికాగోలో ఉన్న మనవాళ్లకు కారెక్కితే ఒక్క పూటలో చేరే చోటు. పటం తెరవండి: ఒక పక్క మిషిగన్ సరస్సు, మరో పక్క గ్రీన్ బే అనే అఖాతం, మధ్యలో బొటనవేలిలా నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల.

పేరును తెలుగు చేస్తే ‘తలుపు జిల్లా’. దేనికి తలుపు? మాట అర్థమైనా వెలితి తోస్తే, ఏదో ముక్క రాలిపోయిందని అనుమానించాలి. ఇది మొదటి మెట్టు.

ఆ ముక్క ఫ్రెంచిలో దొరుకుతుంది. ఈ నేల కొసకూ వాషింగ్టన్ దీవికీ మధ్య ఉన్న జలసంధిని ఫ్రెంచివాళ్లు ‘పోర్ట్ దె మోర్’ అన్నారు, అంటే మృతుల ద్వారం. ఇంగ్లిషులో అది ‘డెత్స్ డోర్’ అయింది. 1851లో కౌంటీ ఏర్పడేసరికి తలుపు మిగిలింది, మృత్యువు జారిపోయింది.

రెండో మెట్టు, పేరు వయసునూ సంఘటన వయసునూ పోల్చి చూడడం. ఇక్కడే చాలామంది తడబడతారు. అక్కడ ఓడలు మునిగాయి కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటారు. 19వ శతాబ్దంలో తెరచాప ఓడలు ఎన్నో మునిగిన మాట నిజమే. కానీ పేరు అంతకన్నా పాతది. పేరు కన్నా వయసులో చిన్నదైన సంఘటన ఆ పేరుకు కారణం కాలేదు. ఈ ఒక్క లెక్క వేసి చూస్తే సగం కట్టుకథలు తేలిపోతాయి. అంతకు ముందు నుంచీ చెప్పుకునే కథ వేరు: అక్కడి ఆదివాసులైన పోటవాటమీ, హోచంక్ జాతుల పోరులో పడవలెక్కి బయలుదేరిన యోధులను ఈ నీళ్లలోనే తుఫాను మింగేసిందట. కథలో ప్రతి వివరాన్నీ చరిత్రగా తీసుకోనక్కరలేదు. ఆ నీటికి జనం ఎంత భయపడ్డారో మాత్రం అందులో భద్రంగా ఉంది.

మూడో మెట్టు, పేరును చోటు దగ్గర నిలబెట్టి చూడడం. బెయిలీస్ హార్బర్ చూడండి: 1848లో తుఫానుకు చిక్కిన ఓడ కెప్టెన్ బెయిలీ తలదాచుకున్న రేవు. మళ్లీ తుఫానే! కేవ్ పాయింట్‌లో వెతుకులాటే లేదు, సున్నపురాతి గట్టును అలలు తొలిచిన గుహలు కళ్లెదుటే ఉంటాయి. బ్రసెల్స్, నమూర్ అనే ఊళ్లు బెల్జియం వలసదారులవని పేర్లే చెబుతాయి.

నార్త్‌పోర్ట్‌లో ఫెర్రీ ఎక్కితే అరగంటలో ఆ మృతుల ద్వారం దాటి వాషింగ్టన్ దీవిలో దిగుతారు. అక్కడి స్కూల్‌హౌస్ బీచ్‌లో ఇసుకకు బదులు రాళ్లు. అలలు నునుపు చేసిన తెల్లని సున్నపురాళ్లు, అరచేతిలో ఒదిగిపోతాయి. జేబులో వేసుకోకండి, జరిమానా ఉంది. తప్పకుండా వెళ్లాల్సిన చోటు నా మాటలో ఇదే. కానీ పేరుకు రాళ్లతో సంబంధం లేదు, దగ్గర్లో ఒకప్పుడున్న బడి వల్ల వచ్చింది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదే పేరుకు మూలమని తొందరపడకండి.

అభ్యాసం: ఇదే కౌంటీలో ఎగ్ హార్బర్ ఉంది, ‘గుడ్ల రేవు’. పడవల్లోని వ్యాపారులు సరదాగా గుడ్లు విసురుకున్నారని ఒక కథ, ఒడ్డున పక్షి గూట్లో గుడ్లు కనిపించాయని మరో కథ. రెండిటినీ రెండో మెట్టు మీద నిలబెట్టాలంటే ఏ కాగితాలు, ఏ పటాలు వెతకాలో అయిదు వాక్యాల్లో రాయండి. తర్వాత మీ మండలంలో రెండు కథలున్న ఊరి పేరొకటి రాసి పెట్టుకోండి, 5వ పాఠంలో దానితోనే పని.