తక్కువ ఖర్చులో గేమింగ్ పీసీ – 4వ పాఠం: ర్యామ్ ఒకటా, రెండా?

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనొద్దని, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌తో మొదలుపెడదామని పోయిన పాఠంలో అనుకున్నాం. కొనేముందు పేరు చివర ‘జీ’ ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి. ఉత్త 5600లో గ్రాఫిక్స్ ఉండదు. అది బిగించి మానిటర్ తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది. ఇంటెల్ వాళ్ల లెక్క దీనికి తలకిందులు. అక్కడ చివర ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు.

ఇక ర్యామ్. విడిగా కొనే గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. మనం ఎంచుకున్న ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు అది లేదు, ప్రాసెసర్‌తో కలిసి ర్యామ్‌నే వాడుకోవాలి. అంటే ఇద్దరు ఒకే కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డట్టు. డీడీఆర్4 3200 (ర్యామ్ రకం, దాని వేగం) స్టిక్ ఒక్కటే పెడితే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ పారుతుంది. రెండు స్టిక్కులు రెండు ఛానెళ్లలో, అంటే ప్రాసెసర్‌కు వెళ్లే రెండు వేర్వేరు దారుల్లో, పెడితే 51.2. గేమ్‌లో ఫ్రేములు రెట్టింపు అయిపోవు గానీ, తేడా కంటికి తెలుస్తుంది. అందుకే 16 జీబీ స్టిక్ ఒకటి వద్దు, 8 జీబీవి రెండు తీసుకోండి. ‘ఒకటి ఇప్పుడు, ఇంకోటి తర్వాత’ అనే సలహా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు పర్వాలేదు, మనకు పనికిరాదు.

బోర్డు మీద నాలుగు స్లాట్లుంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. దాదాపు అన్ని బోర్డులదీ ఇదే పద్ధతి, అయినా మాన్యువల్ చూడండి. నేను మొదటిసారి ఒకటి, రెండు స్లాట్లలో పక్కపక్కనే పెట్టాను, చూడ్డానికి ముచ్చటగా ఉందని! రెండూ ఒకే ఛానెల్‌లో పడ్డాయి. రెండు స్టిక్కులు కొని ఒక స్టిక్ వేగంతో నెలల తరబడి ఆడుకున్నాను.

బిగించేటప్పుడు పవర్ తీసేయండి. స్టిక్ అడుగున ఉన్న గంటు స్లాట్‌లోని చిన్న గట్టుకు సరిపోయేలా పెట్టి, రెండు చివరలా గట్టిగా నొక్కండి. క్లిప్ టక్కుమనాలి. కంప్యూటర్ ఆన్ చేస్తే తెర రాకపోతే చాలాసార్లు స్టిక్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. కంగారుపడి బోర్డు పోయిందనుకోవద్దు.

ఎక్కువమంది మర్చిపోయేది బయోస్, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు. 3200 అని రాసున్న ర్యామ్ కూడా మామూలుగా 2133 లేదా 2400 లేదా 2666 దగ్గరే ఆగిపోతుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసున్న వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి. కొన్ని బోర్డుల్లో దాని పేరు డీవోసీపీ.

ఈ వారం పని: సీపీయూ-జెడ్ (కంప్యూటర్ భాగాల వివరాలు చూపించే ఉచిత ప్రోగ్రామ్) తెరిచి మెమరీ ట్యాబ్ చూడండి. అక్కడ వేగం 1600 దగ్గర కనిపిస్తే టెన్షన్ పడకండి, డీడీఆర్‌లో దాన్ని రెండుతో గుణించాలి. విండోస్ 16 జీబీకి బదులు 14 దగ్గర చూపిస్తున్నా ర్యామ్ పాడైనట్టు కాదు, మిగతాది గ్రాఫిక్స్ తన వాటాగా పక్కన పెట్టుకుంది. వచ్చే పాఠంలో పవర్ సప్లై.