ప్రిపొజిషన్ తప్పు పోతోందా? ముందు ఆ మాట నామవాచకమో క్రియో చూడండి

సమస్య: మీరు మెయిల్‌లో ‘వి డిస్కస్డ్ అబౌట్ ద బడ్జెట్’ అని రాస్తే చదివినవారు ‘అబౌట్’ కొట్టేశారు. ‘ఐ రిక్వెస్టెడ్ ఫర్ లీవ్’లో ‘ఫర్’ కొట్టేశారు. ఎందుకో చెప్పలేదు.

ఇక్కడే చాలామంది ప్రిపొజిషన్ల పట్టిక ముందేసుకుని బట్టీ పట్టడం మొదలుపెడతారు. దయచేసి ఆగండి. ముందు డిక్షనరీ తెరిచి ఆ మాట కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు చదవండి. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ రాదని అందులో విడిగా హెచ్చరిక కూడా ఉంది. అర్థం చూసి మూసేస్తారు తప్ప ఆ నాలుగు వాక్యాలు ఎవరూ చదవరు. నా బాధంతా అదే.

తెలిసిన కారణం: తెలుగు విభక్తిని అలాగే దించేయడం. ‘నా మీద కోపం’ కాస్తా ‘యాంగ్రీ ఆన్ మీ’ అవుతుంది, ‘యాంగ్రీ విత్ మీ’ అనాలి. ‘అతనితో పెళ్లి’ అనుకుని ‘మ్యారీడ్ విత్’ అంటారు, అక్కడ ‘టు’ రావాలి. ఇలాంటి జంటలు రాసిపెట్టుకుంటే సరిపోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ‘ఎ డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్’ ఒప్పే. ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ ఒప్పే. ‘ఎంఫసిస్ ఆన్’ కూడా ఒప్పే. ఇవన్నీ రోజూ చదివి చెవికి అలవాటైపోతాయి. కానీ ఇవి నామవాచకాలు. అదే మాట క్రియ అయ్యేసరికి మధ్యలో ఏమీ లేకుండా నేరుగా కర్మను తీసుకుంటుంది: డిస్కస్ ద బడ్జెట్, రిక్వెస్ట్ లీవ్, ఎంఫసైజ్ ద పాయింట్. విజిట్, ఆర్డర్, ఆన్సర్, ల్యాక్ (లోటు) లాంటి వాటికైతే రెండు చోట్లా స్పెల్లింగ్ ఒకటే, కాబట్టి కంటికి తేడా తెలియదు. ‘మై విజిట్ టు వరంగల్’ ఒప్పు, ‘ఐ విజిటెడ్ టు వరంగల్’ తప్పు. తెలుగులో ‘బడ్జెట్ గురించి చర్చ’ అన్నా, ‘బడ్జెట్ గురించి చర్చించాం’ అన్నా ‘గురించి’ ఉంటుంది. అందుకే మనసులో తెలుగు చెప్పుకుని సరిచూస్తే ఈ తప్పు ఎన్నటికీ దొరకదు.

పరిష్కారం: ఆ మాటకు ముందు ఎ, ద, మై, అవర్ లాంటివి ఉంటే అది నామవాచకం, ప్రిపొజిషన్ ఉంచండి. ఐ, వి, దే లాంటి కర్త తర్వాత పనిని చెబుతూ వస్తే క్రియ. అప్పుడు డిక్షనరీలో ‘డిస్కస్ సమ్‌థింగ్’ అని ఉందో, ‘టాక్ అబౌట్ సమ్‌థింగ్’ అని ఉందో చూడండి. ‘డిస్కస్’ అంటేనే ‘టాక్ అబౌట్’, ‘రిక్వెస్ట్’ అంటేనే ‘ఆస్క్ ఫర్’. ఆ ప్రిపొజిషన్ అర్థం క్రియలోనే ఉంది, మళ్లీ చేర్చక్కర్లేదు. అలాగని టాక్, ఆస్క్ పక్కన ఉన్నవి తీసేయకండి, అక్కడ అవి ఉండాల్సిందే.

ఇక మిగతావి అరుదు. వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి పెట్టిన అభ్యంతరం అది, వ్యాకరణ దోషం కాదు. ‘హూ ఆర్ యు టాకింగ్ టు?’ నిక్షేపంలాంటి ఇంగ్లీషు. ‘ఎట్ ద వీకెండ్’ బ్రిటన్ వాడుక, ‘ఆన్ ద వీకెండ్’ అమెరికా వాడుక. రెండూ ఒప్పే, ఒక ఉత్తరంలో ఒకటే వాడండి.