పాప్‌కార్న్ మేకర్‌తో ఇంట్లోనే కాఫీ గింజలు వేయించడం ఎలా?

"ఇంట్లో వేయించిన గింజలండీ, తాగి చూడండి" అని ఎవరైనా కప్పు చేతికిస్తే నాకు ముందు భయమేస్తుంది. పైన మాడి లోపల పచ్చిగా ఉన్న గింజల కాఫీని మొహమాటానికి చాలాసార్లు మింగాను. చేసినవాళ్లు తప్పును గింజల మీదో మిషన్ మీదో నెట్టేస్తారు. నేను చూసినంతలో తప్పు జరిగే చోటు ఒక్కటే: గింజలు పేలడం మొదలైన దగ్గర్నుంచి వాటిని బయటికి పోసేదాకా ఉండే ఆ రెండు నిమిషాలు. మిగతా పని కాస్త ఓపికుంటే ఎవరికైనా వస్తుంది. కాబట్టి దాన్ని గబగబా చెప్పేస్తాను.

కావలసినవి

వేడిగాలితో పనిచేసే పాప్‌కార్న్ మేకర్ కావాలి. నూనె పోసి అడుగు నుంచి వేడిచేసే రకం దీనికి పనికిరాదు. కొనేముందు మూత తీసి లోపలికి తొంగిచూడండి. గోడల చుట్టూ ఉన్న సన్నటి చీలికల్లోంచి గాలి వచ్చేదైతే తీసుకోండి, గింజలు అందులో సుడి తిరుగుతాయి. అడుగున జల్లెడ లాంటి చిల్లులు కనిపిస్తే అక్కడే వదిలేసి రండి. గింజల పొట్టు ఆ చిల్లుల్లోంచి కింద వేడినిచ్చే కాయిల్ మీద పడి అంటుకుంటుంది. జాగ్రత్తగా వాడితే ఏమీ కాదని చెప్పేవాళ్లు ఉంటారు. వినకండి.

పచ్చి కాఫీ గింజలు, గ్రాములు చూపే చిన్న కాటా, 300 డిగ్రీల దాకా కొలిచే ప్రోబ్ థర్మామీటర్ (కె టైప్ థర్మోకపుల్, అంటే రెండు లోహాల తీగలతో వేడిని కొలిచే రకం, అయితే మంచిది), స్టీలు చిల్లుల గిన్నెలు రెండు, పొడుగు కాడ ఉన్న చెక్క గరిటె, మందపాటి గ్లవ్స్. అంతే.

మిషన్‌లో చేయాల్సిన మార్పులు

మొదటిది తేలిక. మేకర్‌తో వచ్చిన ప్లాస్టిక్ మూత తీసి పక్కన పడేయండి. పాప్‌కార్న్ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఆ మూత తట్టుకుంటుంది. కాఫీకి పది నిమిషాలు పడుతుంది. నా మొదటి మిషన్ మూత ఎండలో పెట్టిన మైనంలా వంగిపోయింది. దాని బదులు రెండువైపులా కోసేసిన రేకు డబ్బాను గొట్టంలా నిలబెట్టండి. గింజలు బయటికి ఎగరవు, పొట్టు మాత్రం పైనుంచి పోతుంది. లోపల పూత ఉన్న డబ్బా వద్దు, వేడికి వాసన వస్తుంది.

రెండోది అసలు మార్పు. మామూలుగా ఈ మిషన్లలో ఫ్యాన్‌కీ హీటర్‌కీ కలిపి ఒకటే కరెంటు దారి. ఫ్యాన్ మోటారు తక్కువ వోల్టేజీ డీసీది. కరెంటు ఒక చిన్న కాయిల్ గుండా తగ్గి, ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల మీదుగా దానికి చేరుతుంది. అందుకే మిషన్ మొత్తానికీ రెగ్యులేటర్ పెట్టి వేడి తగ్గించాలని చూస్తే గాలి కూడా తగ్గిపోతుంది. గింజలు తిరగడం ఆగి, ఉన్నచోటే మాడిపోతాయి. మోటారును ఆ దారి నుంచి విడదీసి, దానికి సరిపోయే డీసీ అడాప్టర్‌తో విడిగా నడపాలి. వేడినిచ్చే పెద్ద కాయిల్‌కి, దాని వాట్ల కంటే బాగా ఎక్కువ తట్టుకునే పవర్ కంట్రోలర్ పెట్టాలి. గదిలో బల్బుకి వాడే డిమ్మర్ ఈ పనికి చాలదు, కాలిపోతుంది.

ఇక్కడ ఒక్కమాట. లోపలి కాయిల్ తీగకు ఏ తొడుగూ ఉండదు, దాంట్లో నేరుగా మెయిన్స్ కరెంటే ఉంటుంది. వైరింగ్ పని చేతికి అలవాటు లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి. ప్లగ్ గోడలో ఉండగా స్క్రూ ముట్టుకోవద్దు. లోహపు భాగాలకు ఎర్త్ ఇవ్వండి. ఫ్యాన్ స్విచ్ వేయకుండా హీటర్‌కి కరెంటు అందే వీలు లేకుండా వైరింగ్ ఉండాలి.

లోపల ఒక థర్మోస్టాట్ (వేడి ఎక్కువైతే కరెంటు ఆపి, చల్లబడ్డాక మళ్లీ ఇచ్చేది), ఒక థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే తెగిపోయేది) ఉంటాయి. "వేడి చాలట్లేదు, మధ్యలో ఆగిపోతోంది" అని కొందరు రెంటినీ తీగతో కలిపేస్తారు. నేను తీయలేదు కాబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను. ఒకసారి ఫ్యాన్ అడాప్టర్ పిన్ వదులై ఉంది. చూసుకోకుండా హీటర్ వేశాను. గాలి లేని కాయిల్ కొన్ని సెకన్లలోనే ఎర్రగా కాలింది, లోపల ప్లాస్టిక్ వాసన మొదలైంది. నా చెయ్యి ప్లగ్ దగ్గరికి వెళ్లేలోపే ఫ్యూజ్ కొట్టేసింది. కొత్త ఫ్యూజ్ మార్చుకుంటే సరిపోయింది. అదే అక్కడ తీగ ముక్క ఉండి ఉంటే? థర్మోస్టాట్ మాటిమాటికీ ఆపుతుంటే గింజలు తగ్గించి చూడండి, దాన్ని తీసేయకండి.

పెనమో ఓవెనో చాలదా?

చాలదు. పెనం మీద గింజలో లోహానికి తగిలిన వైపు మచ్చపడుతుంది, రెండోవైపు వెనకబడుతుంది. ఎంత కలిపినా అంతే, చెయ్యి నొప్పి తప్ప మిగిలేది లేదు. ఓవెన్‌లో గాలి సరిగా ఆడక ఒక్క ట్రేలోనే నాలుగు రంగులు వస్తాయి. వేడిగాలిలో తేలే గింజకు అన్నివైపులా ఒకేలా వేడి తగులుతుంది. ఇదేదో ఇంట్లో పుట్టిన చిట్కా కాదు. 1970ల్లోనే మైకేల్ సివెట్జ్ అనే కెమికల్ ఇంజనీర్ గింజల్ని వేడిగాలి మీద తేల్చి వేయించే పెద్ద యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మన పాప్‌కార్న్ మేకర్ చేసేదీ ఆ పనే, చిన్న ఎత్తున.

వేయించడం

పొగ వస్తుంది, పొట్టు ఎగురుతుంది. బాల్కనీలోనో, తెరిచిన కిటికీ పక్కనో పెట్టుకోండి. పొడుగాటి సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వాడకండి. వైరు వేడెక్కుతుంది, మిషన్‌కి వోల్టేజీ తగ్గుతుంది.

80 గ్రాములు తూచండి. 100 కాదు. ఎక్కువ పోస్తే నెమ్మదిగా వేగుతాయని అందరూ అనుకుంటారు, ఈ మిషన్‌లో తిరగబడుతుంది. గింజలు గాలికి అడ్డుపడి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, నాలుగు నిమిషాల్లోనే నల్లబడతాయి. వైరింగ్ మార్చనివాళ్లకు వేగం తగ్గించుకునే దారి కూడా ఇదే, గింజలు తగ్గించడం.

ముందు ఫ్యాన్, తర్వాత గింజలు, చివర హీటర్. ఆపేటప్పుడు ముందు హీటర్. పచ్చి గింజలో 10 నుంచి 12 శాతం నీరుంటుంది కాబట్టి మొదట్లో బరువుకి తిరగవు. గరిటె కాడతో కలుపుతూ ఉండండి. నిమిషమో నిమిషంన్నరో పోయాక వాటంతటవే తిరుగుతాయి. పచ్చి గడ్డి వాసన వస్తుంది, గింజలు పసుపు తిరుగుతాయి (150, 160 డిగ్రీల దగ్గర), తర్వాత రొట్టె కాలుతున్న వాసన, లేత గోధుమ రంగు. పొట్టు పైకి ఎగరడం మొదలవుతుంది. పండును అలాగే ఎండబెట్టి ఒలిచిన నేచురల్ గింజలైతే పొట్టు చాలా ఎక్కువ. పసుపు రంగు రావడానికి నాలుగు నిమిషాలు పట్టేలా వేడి సర్దుకోండి. ఇక్కడిదాకా ఎవరూ పెద్దగా చెడగొట్టరు.

ఫస్ట్ క్రాక్

ఇక కుర్చీలోంచి లేవకూడదు. ఫోన్ మోగినా సరే, తలుపు కొట్టినా సరే.

సుమారు 196 నుంచి 205 డిగ్రీల మధ్య గింజలు పేలతాయి, ఈ మొదటి పేలుడే ఫస్ట్ క్రాక్. లోపలి నీరు ఆవిరై, మిగతా వాయువులతో కలిసి గింజను చీల్చుకుని బయటికొస్తుంది. ఎండుపుల్ల విరిగినట్టు టప్‌మని స్పష్టంగా ఉంటుంది ఆ చప్పుడు. ఫ్యాన్ హోరులో కొత్తవాళ్లకు వినపడదు, గొట్టం దగ్గరికి చెవి తెచ్చి వినాలి (పైకి వంగకండి, మొహం కాలుతుంది). ఎక్కడో ఒక్క గింజ ముందుగా టప్‌మంటే లెక్కలోకి తీసుకోవద్దు. వెంటవెంటనే నాలుగైదు వినిపించినప్పుడు గడియారం మొదలుపెట్టండి. కెఫీన్ తీసేసిన గింజలతో నేర్చుకోవాలని చూడకండి. వాటి రంగు ముందు నుంచే ముదురు, చప్పుడు కూడా మెత్తన.

అందరూ చేసే పొరపాటు, పేలుడు విన్నాక వేడి తగ్గించడం. అప్పటికే ఆలస్యం. గింజ అప్పటిదాకా తాగిన వేడి దాంట్లోనే ఉంటుంది, హీటర్ తగ్గించినా అది ఆ ఊపులో ముందుకే పోతుంది. మొదటి రెండు నిమిషాలు ఎంత మెల్లగా నడిచిందో చూసి, చివర కూడా అలాగే ఉంటుందనుకుని మోసపోతారు. 190 డిగ్రీలు కనపడగానే, చప్పుడు రాకముందే, కొంచెం తగ్గించాలి. కొంచెమే. భయపడి బాగా తగ్గించేస్తే థర్మామీటర్ అంకె ఒకేచోట ఆగిపోతుంది. ఆ గింజలు చూడ్డానికి బాగానే ఉంటాయి, కాఫీ మాత్రం అట్టముక్క నానబెట్టిన నీళ్లలా చప్పగా ఉంటుంది. నిమిషానికి ఐదారు డిగ్రీల చొప్పున పెరుగుతూనే ఉండాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. నాకు పదిహేను వాయిల దాకా పాడయ్యాయి.

ఎప్పుడు ఆపాలి? క్రాక్ మొదలయ్యాక 90 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. థర్మామీటర్ అంకె సుమారు 210 దగ్గర ఉంటుంది. రంగును నమ్ముకోవద్దు. లైటును బట్టి రంగు మారిపోతుంది, పైగా బయటికి పోశాక కూడా గింజ ఇంకాస్త ముదురుతుంది. మీరు కోరుకున్న రంగు మిషన్‌లో ఉండగానే కనపడిందంటే దాటిపోయిందనే లెక్క. "ఇంకొక్క పది సెకన్లు" అనిపించినప్పుడే ఆపేయండి.

ఆపకపోతే 225 డిగ్రీల ప్రాంతంలో సెకండ్ క్రాక్ వస్తుంది. ఎండుటాకులు నలిగినట్టు సన్నగా, జోరుగా. పొగ చిక్కబడుతుంది, గింజ మీద నూనె మెరుస్తుంది. ఈ మిషన్‌లో అక్కడిదాకా వెళ్లకూడదు. నల్లటి రోస్ట్ ఇష్టమైతే వేరే మిషన్ కొనుక్కోండి. అక్కడి నుంచి బొగ్గు అవడానికి, ఎగిరే పొట్టుకు నిప్పంటుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. ఒకవేళ అంటుకుంటే ప్లగ్ పీకేసి లోహపు మూత కప్పండి. నీళ్లు పోయకండి.

చల్లార్చడం

హీటర్ ఆపగానే గింజల్ని చిల్లుల గిన్నెలోకి పోసి, ఫ్యాన్ గాలికి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తిపోయండి. మూడు నిమిషాల్లో చేత్తో పట్టుకునేంత చల్లబడాలి. అలాగే కుప్పగా వదిలేస్తే లోపల ఇంకా వేగుతూనే ఉంటాయి, అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. నీళ్లు చల్లడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి తెలివితేటలు వద్దు. మిగిలిన పొట్టు ఈ ఎత్తిపోతలోనే ఎగిరిపోతుంది.

చల్లారాక మళ్లీ తూచండి. 80 గ్రాములు 68, 69 గ్రాములకు దిగితే మధ్యస్థంగా వేగినట్టు. 65కి పడిపోయిందంటే దాటించారు. 71 దాటి ఉంటే తొందరపడ్డారు. ఆ అంకె, క్రాక్ మొదలైన సమయం, ఆపిన సమయం రాసిపెట్టుకోండి. మర్నాడు గుర్తుండదు.

వెంటనే పొడిచేసి కాచుకోవాలని ఉంటుంది. ఆగండి. వేయించిన గింజలు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటాయి, మొదటిరోజు డబ్బా మూత బిగించకూడదు. మూడోరోజుకు రుచి కుదురుతుంది. రెండు మూడు వారాల్లో వాడేయండి. పచ్చి గింజలైతే పొడిచోట నెలల తరబడి ఉంటాయి.

రెండో వాయి వేసేముందు మిషన్‌ను 20 నిమిషాలు చల్లారనిచ్చి, ప్లగ్ తీసి, చీలికల్లో ఇరుక్కున్న పొట్టును బ్రష్‌తో దులపండి.