డ్రోన్ కొనే ముందే తెలుసుకోవలసిన నిబంధనలు

పెళ్లి పందిరి మీదుగా డ్రోన్ తిరగడం మన ఊళ్లలో ఇప్పుడు మామూలు దృశ్యం. పొలాల్లో మందు కొట్టడానికీ అదే వస్తోంది. ఎగరేయాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగే మాట ‘పర్మిషన్ ఎక్కడ తీసుకోవాలి’ అన్నది. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. మన దేశంలో 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ రూల్స్ ప్రకారం, ఒక డ్రోన్‌ను చట్టబద్ధంగా ఎగరేయగలమా లేదా అన్నది చాలావరకు దాన్ని కొన్న రోజునే తేలిపోతుంది. అందుకే డబ్బు చెల్లించక ముందే ఈ సంగతులు తెలుసుకోవడం అవసరం.

ప్రతి డ్రోన్‌కూ వాహనానికి నంబరు ప్లేటు ఉన్నట్టే యుఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉండాలి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేసుకుంటే ఈ సంఖ్య వస్తుంది. రుసుము 100 రూపాయలు. అయితే సాధారణంగా ఆ సంఖ్య రావాలంటే మీరు కొన్న మోడల్‌కు టైప్ సర్టిఫికేట్ ఉండాలి. ఆ మోడల్ నిర్ణీత ప్రమాణాలకు తగినట్టు ఉందని ధ్రువీకరించే ఈ పత్రం తయారీదారు తెచ్చుకోవలసినది, కొన్నవారు తర్వాత సంపాదించుకోగలిగింది కాదు. కాబట్టి దుకాణదారును ధర కంటే ముందు ఈ మోడల్‌కు టైప్ సర్టిఫికేట్ ఉందా అని అడగండి, కాగితం చూపించమనండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నట్లయితే యుఐఎన్‌ను పాత యజమాని పేరు నుంచి మీ పేరుకు ఆన్‌లైన్‌లోనే మార్పించుకోవాలి. ఆ మార్పు జరిగేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకపోవడం మంచిది.

ఇక్కడే మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం ఒకటుంది. అమెరికా నుంచో దుబాయి నుంచో వచ్చే పిల్లల చేత డ్రోన్ తెప్పించుకోవాలనే ఆలోచన చాలా ఇళ్లలో ఉంటుంది. కేంద్రం 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే, అదీ అనుమతితోనే, మినహాయింపు ఉంది. విడిభాగాలకు ఈ నిషేధం లేదు గానీ, పూర్తిగా బిగించినదైనా, విప్పి పెట్టెలో సర్దిన కిట్ అయినా నిషేధం కిందికే వస్తుంది. ప్రేమతో తెచ్చిన బహుమతి శంషాబాద్ కస్టమ్స్ దగ్గర ఆగిపోవడం ఎవరికైనా బాధే. దయచేసి తెమ్మని చెప్పకండి.

తర్వాత చూడవలసింది బరువు. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, అంతకు మించితే లార్జ్. ఈ లెక్కలో బ్యాటరీ, కెమెరా, మోసుకెళ్లే సరుకు అన్నీ కలుస్తాయి. పెట్టె మీద 249 గ్రాములు అని ఉన్న డ్రోన్‌కు రెక్కల రక్షణ చట్రం తగిలిస్తే అది మైక్రో అయిపోతుందన్న సంగతి చాలామందికి తట్టదు. నానోకు టైప్ సర్టిఫికేట్ నుంచి, పైలట్ సర్టిఫికేట్ నుంచి, బీమా నుంచి మినహాయింపు ఉంది. అంతమాత్రాన నానోకు ఏ నిబంధనా వర్తించదని అనుకోవడం పొరపాటు. నమోదు, ఎగరేసే చోటుకు సంబంధించిన ఆంక్షలు దానికీ ఉన్నాయి.

మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికేట్ అక్కర్లేదు. అదే డ్రోన్‌తో డబ్బు తీసుకుని పెళ్లి వీడియో తీస్తే అది వాణిజ్య వినియోగం, అప్పుడు సర్టిఫికేట్ తప్పనిసరి. వీడియోగ్రాఫర్లు ఎక్కువగా పొరబడేది ఈ గీత దగ్గరే. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పదో తరగతి ఉత్తీర్ణత ఉన్నవారు డీజీసీఏ అనుమతి పొందిన శిక్షణ సంస్థలో కోర్సు పూర్తి చేస్తే ఆ సంస్థే సర్టిఫికేట్ ఇస్తుంది. అది పదేళ్లు చెల్లుతుంది. పాస్‌పోర్టు లేదని వెనుకాడనక్కర్లేదు. 2023 సవరణ తర్వాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సులలో ఏదైనా సరిపోతుంది. సర్టిఫికేట్‌లో రాసిన బరువు తరగతి (మైక్రో, స్మాల్ వంటివి) డ్రోన్‌ను మాత్రమే నడపాలి. పిచికారీ డ్రోన్‌లో పది లీటర్ల ట్యాంకు నిండితే ద్రవం బరువే సుమారు పది కిలోలు, కనుక అది మైక్రో కాదు, స్మాల్. పొలంలో మందు కొట్టించే రైతు సోదరులు ఆపరేటర్ సర్టిఫికేట్‌లో ఏ తరగతి రాసి ఉందో చూడాలి.

ఇక చోటు. డ్రోన్ల కోసం ప్రభుత్వం నడిపే డిజిటల్ స్కై పోర్టల్‌లో దేశమంతటి గగనతల పటం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఉంటుంది. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఉన్న ప్రాంతంలో ఆ ఎత్తు 200 అడుగులకు తగ్గుతుంది. పసుపులో సంబంధిత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరేయకూడదు. హైదరాబాద్ పరిస్థితి ఒకసారి ఆలోచించండి: బేగంపేట విమానాశ్రయం నగరం నడిబొడ్డున, హకీంపేట, దుండిగల్ వైమానిక కేంద్రాలు ఉత్తరాన, శంషాబాద్ దక్షిణాన ఉన్నాయి. సొంత మేడ మీది నుంచి ఎగరేసినా అది పసుపులోనో ఎరుపులోనో పడవచ్చు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది కాబట్టి అక్కడ అనుమతి దారి వేరుగా ఉంటుంది.

పటాన్ని ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు. రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక ప్రాంతాన్ని తాత్కాలికంగా ఎరుపుగా ప్రకటించవచ్చు. ప్రముఖుల పర్యటనలు, ఉత్సవాల వేళ పోలీసు కమిషనర్లు డ్రోన్లపై విడిగా నిషేధాజ్ఞలు కూడా ఇస్తుంటారు. అందుకే ముహూర్తానికి వారం ముందు చూసిన పటాన్ని ఆ రోజు ఉదయం మళ్లీ చూడాలి. పటం రంగుతో నిమిత్తం లేకుండా తిరుమల కొండ మీద డ్రోన్లకు అనుమతి లేదు. నల్లమల వంటి అభయారణ్యాల్లో అటవీ శాఖను అడగకుండా ఎగరేయరాదు.

నానో కాని ప్రతి డ్రోన్‌కూ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. జనం తలల మీద, అందులోనూ పసిపిల్లలు కూర్చున్న పందిరి మీద తిరిగే యంత్రానికి ఈ షరతు ఎంతో న్యాయమైనదని నేను నమ్ముతాను. ఎగురుతున్నంతసేపూ డ్రోన్ మీ కంటికి కనిపిస్తూ ఉండాలి. మనుషులున్న విమానం గానీ హెలికాప్టర్ గానీ వస్తే దారి ఇవ్వవలసింది మీరే. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా ఆన్‌లైన్‌లో నివేదించాలి. నిబంధనలు ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. యుఐఎన్, పైలట్ సర్టిఫికేట్, బీమా పత్రం, ఆ ఉదయం చూసిన పటం స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో దాచుకోండి. పోలీసులు వచ్చి అడిగితే పనికి ఆటంకం లేకుండా అక్కడికక్కడే చూపించవచ్చు.