నీళ్లలో ప్లాస్టిక్ ఏరడానికి దిగే ముందు

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఏరిన చెత్త ఎక్కడికి వెళ్తుంది? తీసుకెళ్లే బండి ఖాయం కాకుండా పని మొదలుపెట్టకండి. గట్టున వదిలేసిన మూటలు పెద్ద వాన పడితే మళ్లీ నీళ్లపాలే. తగలబెట్టడం మాత్రం వద్దు.

- చేతులకు మందపాటి రబ్బరు గ్లవ్స్, కాళ్లకు అడుగు గట్టిగా ఉన్న బూట్లు. చెప్పులతో వచ్చినవాళ్లకు గట్టు మీద మూటలు కట్టే పని ఇవ్వండి.
- ఒంటి మీద గాయం ఉంటే నీళ్లలోకి దిగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఇలాంటి గాట్ల గుండా సోకుతుంది. తర్వాత రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు వస్తే నీళ్లలో దిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి.
- నదిలో అయితే మోకాలి లోతు దాటొద్దు. మీ దగ్గర ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది. ఒంటరిగా అసలే వద్దు.
- సూదులు, గాజు పెంకులు పట్టుకారుతో తీసి గట్టి డబ్బాలో వేయండి. సంచిలో వేస్తే మోసేవాళ్ల కాలికి గుచ్చుకుంటాయి.

పాత వల కనబడగానే లాగేయకండి. మెల్లగా ఎత్తి చూడండి, పీతో తాబేలో చిక్కుకుని ఉండొచ్చు. మూత బిగించిన ఖాళీ సీసా తేలుతుంది. నీళ్లు నిండిన పెట్ (PET, కూల్‌డ్రింకులు అమ్మే ప్లాస్టిక్) సీసా మునుగుతుంది, ఆ ప్లాస్టిక్ నీటికన్నా బరువు మరి. దాన్ని బురదలో కాలితో వెతక్కుండా కొక్కెం కట్టిన గడకర్ర వాడండి.

ఫొటోల సరదా ఎలాగూ ఉంటుంది. గ్లవ్స్ విప్పి, సబ్బుతో చేతులు కడిగాకే ఫోన్ ముట్టుకోండి.