రెప్లికేషన్ ఆపే ముందు ఈ నాలుగూ చూసుకోండి

పండగ సెలవుల ముందు ప్యాచింగ్ పని పెట్టుకోవడం మన ఆఫీసుల్లో మామూలే. మైఎస్‌క్యూఎల్ రెప్లికాను (అసలు డేటాబేస్ సర్వర్‌లోని మార్పులను ఎప్పటికప్పుడు తెచ్చుకునే నకలు సర్వర్‌ను) పక్కకు తీయాలి, ఓఎస్ అప్‌డేట్ చేయాలి, మళ్ళీ కలపాలి. ‘స్టాప్ రెప్లికా’ అని కొడితే చాలు, రెప్లికేషన్, అంటే ఆ మార్పులు తెచ్చుకునే పని, ఆగిపోతుంది. 8.0.22 కంటే పాత వెర్షన్ అయితే ‘స్టాప్ స్లేవ్’ అని కొట్టాలి. ఇంత తేలిగ్గా ఆగుతుంది కాబట్టే తొందరపడతాం.

ఒక సంక్రాంతి ముందు శుక్రవారం నేనూ అలాగే తొందరపడ్డాను. సోర్స్‌లో, అంటే అసలు సర్వర్‌లో, డిస్క్ నిండుతోందని ఎవరో బిన్‌లాగ్ (డేటాలో జరిగిన మార్పులు రాసి ఉంచే లాగ్) గడువును 2 రోజులకు తగ్గించి ఉంచారు. నేను అది చూడకుండా రెప్లికాను ఆపేశాను. ప్యాచ్ మధ్యలో ఆగిపోతే, మిగతాది సోమవారం చూద్దామని ఇంటికి వెళ్ళిపోయాను. సోమవారం స్టార్ట్ చేస్తే, సోర్స్ నుంచి లాగ్‌లను తెచ్చే ఐఓ థ్రెడ్‌లో 1236 ఎర్రర్ వచ్చింది. రెప్లికాకు కావాల్సిన లాగ్‌లను సోర్స్ అప్పటికే తుడిచేసింది. బ్యాకప్ నుంచి మొత్తం సర్వర్‌ను మళ్ళీ కట్టుకునేసరికి తెల్లారింది. ఆ టెన్షన్ మీకొద్దు.

అందుకే మొదట సోర్స్‌లో బిన్‌లాగ్_ఎక్స్‌పైర్_లాగ్స్_సెకండ్స్ విలువ చూడండి. 8.0లో డిఫాల్ట్ 25,92,000 సెకన్లు, అంటే 30 రోజులు. మీ దగ్గర ఎంత ఉందో చూడకుండా డిఫాల్టే ఉంటుందిలే అనుకోకండి. పని 2 గంటల్లో అయిపోతుందనిపించినా, వారం పట్టినా సరిపోయేంత గడువు ఉంచండి.

తర్వాత, ఈ రెప్లికా నుంచి ఎవరు చదువుతున్నారో తెలుసుకోండి. రెప్లికేషన్ ఆగినా సర్వర్ జవాబులు ఇస్తూనే ఉంటుంది, కాకపోతే పాత డేటాతో. డబ్బు కట్టిన కస్టమర్‌కు ‘బాకీ ఉంది’ అని కనిపిస్తుంది. ప్రాక్సీఎస్‌క్యూఎల్ (క్వెరీలను సర్వర్లకు పంచే మధ్యవర్తి) వాడుతుంటే ముందు ఆ సర్వర్‌ను ఆఫ్‌లైన్_సాఫ్ట్‌లో, అంటే కొత్త పని పంపని స్థితిలో, పెట్టి, నడుస్తున్న కనెక్షన్లు ఖాళీ అయ్యేదాకా ఆగండి. ఇక్కడ మానిటరింగ్‌ను కూడా పూర్తిగా నమ్మకండి. రెప్లికా ఎన్ని సెకన్లు వెనకబడిందో చెప్పే సెకండ్స్_బిహైండ్_సోర్స్, రెప్లికేషన్ ఆగితే ‘నల్’ (విలువ లేదు) అని చూపిస్తుంది. కొన్ని స్క్రిప్టులు నల్‌ను సున్నాగా లెక్కేస్తాయి, డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది.

సెమీ సింక్ (కనీసం ఒక రెప్లికా అందిందని చెప్పేదాకా సోర్స్ కమిట్‌ను ఆపే పద్ధతి) నడుస్తుంటే, అలా జవాబిచ్చే రెప్లికా ఇదొక్కటేనా అని చూడండి. ఒక్కటే అయితే, ఆపిన వెంటనే సోర్స్‌లో కమిట్లు డిఫాల్ట్‌గా 10 సెకన్ల దాకా నిలబడిపోతాయి. తర్వాతే అది ఎసింక్‌కు, అంటే జవాబు కోసం ఆగని పద్ధతికి, మారుతుంది. బిజీ టైమ్‌లో పది సెకన్లంటే చిన్న మాట కాదు. ఈ రెప్లికా కింద ఇంకో రెప్లికా వేలాడుతుంటే అదీ వెనకబడుతుంది, ఆ టీమ్‌కు ముందే చెప్పండి.

స్టేట్‌మెంట్ పద్ధతిలో (మారిన వరుసలకు బదులు ఎస్‌క్యూఎల్ ఆదేశాలనే పంపే పద్ధతిలో) రెప్లికేషన్ నడుస్తుంటే ఇంకో జాగ్రత్త ఉంది. ముందు, వచ్చిన మార్పులను అమలు చేసే ఎస్‌క్యూఎల్ థ్రెడ్‌ను మాత్రమే ఆపి, తెరిచి ఉన్న టెంపరరీ టేబుళ్ళ సంఖ్య చెప్పే రెప్లికా_ఓపెన్_టెంప్_టేబుల్స్ చూడండి. సున్నా ఉంటేనే సర్వర్‌ను షట్‌డౌన్ చేయండి. లేకపోతే థ్రెడ్ మళ్ళీ స్టార్ట్ చేసి, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి. టెంపరరీ టేబుల్ సగంలో ఉండగా సర్వర్ ఆగితే, అది లేచాక ఆ టేబుల్ ఉండదు, తర్వాతి స్టేట్‌మెంట్లు విరిగిపోతాయి. బ్యాకప్ కోసమే ఆపుతున్నారా? అయితే ఐఓ థ్రెడ్‌ను నడవనివ్వండి. లాగ్‌లు రెప్లికాకు చేరుతూనే ఉంటాయి. డిస్క్‌లో చోటుందో లేదో మాత్రం చూసుకోండి.

‘రీసెట్ రెప్లికా ఆల్’ జోలికి వెళ్ళకండి, సోర్స్ అడ్రస్, యూజర్ వివరాలు అన్నీ పోతాయి. సర్వర్ రీస్టార్ట్ కాగానే రెప్లికేషన్ తనంతట తానే మొదలవకూడదనుకుంటే, ముందే స్కిప్_రెప్లికా_స్టార్ట్ పెట్టండి.

మళ్ళీ కలిపాక సెకండ్స్_బిహైండ్_సోర్స్ సున్నా అనగానే ట్రాఫిక్ వదలకండి. ఐఓ థ్రెడ్ నెమ్మదిగా ఉంటే, వెనకబడ్డా సున్నాయే కనిపించవచ్చు. జీటీఐడీ (ప్రతి ట్రాన్సాక్షన్‌కూ ఇచ్చే ప్రత్యేక గుర్తు) వాడుతుంటే రెండు సర్వర్లలోనూ ఎగ్జిక్యూటెడ్ సెట్‌లు, అంటే అమలైన ట్రాన్సాక్షన్ల జాబితాలు, పోల్చి చూసి, ఆ తర్వాత ప్రాక్సీలో ఆన్‌లైన్ చేయండి.